చింతచెట్టుకు వడిబియ్యం

లేదా టైరు పంక్చరై ఉండొచ్చు, లేపాక్షి దాటాక రోడ్డంతా కంకరే, కంకర మీద భరత్ కారు మెల్లగా నడుపుతాడు, కాబట్టి ఆలస్యంలో వింతేం లేదు, అదిగో దుమ్ము, కాదు, గొర్రెలమంద, ఈ నేల మీద ముందు దుమ్ము కనిపిస్తుంది, దాని వెనక వచ్చేది ఏదో తర్వాత గాని తెలియదు, ఆ మధ్యలో ఏమైనా అనుకోవచ్చు, నేను కారు అనుకున్నాను, పొద్దున మోటారుసైకిలును కూడా కారే అనుకున్నాను, వస్తావా అంటే చూస్తాలే అన్నాడు, చూస్తాలే అంటే అతని భాషలో వస్తాననే, ఆరేళ్ల కాపురంలో అతని మాటలకు అర్థాలు వెతికి పెట్టుకోవడం నాకు అలవాటే, అతను సగం చెబితే మిగతా సగం నేను చెప్పుకుంటాను, ఒక్కోసారి అతను ఏమీ చెప్పకపోయినా మొత్తం నేనే చెప్పుకుంటాను, నిన్న రాకపోవడానికి మీటింగు కారణం, ఫోను ఎత్తకపోవడానికి డ్రైవింగు కారణం, ఈ కారణాలన్నీ నా గొంతులోనే వినిపిస్తున్నాయి, అతని గొంతు గుర్తు తెచ్చుకోబోతే చూస్తాలే ఒక్కటే వస్తోంది.

కాటేజీ అంటే వేరుశనగ చేలో కట్టిన రెండు గదులు, పెంకుల కప్పు, వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద పెయింటరు వేసిన రంగుకొంగ, ఎర్రటి మొహం, పసుపు ముక్కు, రెక్కల చివర గులాబీ రంగు, ఈ బొమ్మ తప్ప పక్షి ఒక్కటి లేదు, ఎదురుగా చెరువు, చెరువంటే పగిలిన బురద పెంకులు, మధ్యలో మేకలు, గట్టు మీద చింతచెట్లు, ఆ కొమ్మల్లో నిరుటి గూళ్ల పుల్లలు, కాటేజీ ఓనరు వీరేష్‌ను బుక్ చేసేటప్పుడు అడిగాను, పక్షులు వచ్చాయా అని, వస్తాయి మేడం, ఏటా వచ్చేవి యాడికి పోతాయి అన్నాడు, నిన్న దిగగానే అడిగితే రేపు మేడం అన్నాడు, ఇవాళ పొద్దున కూడా రేపే అన్నాడు, చెవి దగ్గర ఫోను పెట్టుకుని హిందూపురం నుంచి అడిగేవాళ్లకూ అదే చెబుతున్నాడు, వస్తాండాయి సార్, మీరు బయల్దేరండి, అబద్ధం అనిపించదు ఆ గొంతులో, చెప్పీ చెప్పీ తనే నమ్మినట్టున్నాడు, వాళ్లమ్మ బయమ్మ మాత్రం పొద్దున టిఫినుకు ఉగ్గాని పెడుతూ ఉన్నమాట చెప్పేసింది, యాడమ్మా వచ్చేది, శివరాత్రి అయినంక వచ్చినాయి, ఒక్క రాత్రి చింతచెట్ల మింద కూసున్నాయి, తెల్లారి చెరువు మింద రొండు సుట్లు తిరిగి సూసుకొని, నీళ్ల సుక్క లేదు, అట్లే పాయ, లోపలి నుంచి వీరేష్ అరిచాడు, అమ్మా, గెస్టుల ముందర నువ్వు ఊరికే ఉండు, ఆమె తగ్గలేదు, ఏమప్పా, లేనిదాన్ని ఉండాదంటే చెరువు నిండుతాదా.

పెళ్లైన కొత్తలో వచ్చినప్పుడు ఇదే వరండా, అప్పుడు చెట్లన్నీ తెల్లగా, కొమ్మ కనిపించనన్ని కొంగలు, గూళ్లలో పిల్లల గోలకు మాటలు వినిపించేవి కావు, భరత్ కొత్త బైనాక్యులర్స్ నా మెడలో వేశాడు, అదిగో మూడో కొమ్మ మీద, తల్లి నోట్లోంచి నీళ్లు పోస్తోంది పిల్లకు, కనిపించిందా అన్నాడు, ఫోకస్ చక్రం అతని కంటికి తిప్పి ఉంది, నాకు కనిపించింది తెల్లటి మసక, అందులో ఒక గులాబీ మరక, కనిపించింది, ఎంత బాగుందో అన్నాను, చక్రం తిప్పుకుంటే సరిపోయేది, తిప్పితే అతను సరిచేసుకున్నది పోతుందని తిప్పలేదు, ఆ తర్వాత కొల్లేరులో, నేలపట్టులో, ఎక్కడైనా అదే మసక, అదే ఎంత బాగుందో, ఇన్నేళ్లలో ఒక్క పక్షినీ నేను సరిగ్గా చూడలేదు, ఈసారి చూద్దామనుకున్నాను, ఈసారి అడిగి చక్రం తిప్పుకుందామనుకున్నాను.

అమ్మ కళ్యాణదుర్గం నుంచి ఫోను, ఏం పాపా, అల్లుడు వచ్చినాడా, వస్తాండాడమ్మా, నిన్న గూడా అదే చెప్తివి, దావలో ఉండాడమ్మా అన్నాను, ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట, అమ్మకు తెలియదు దసరా నుంచి భరత్ వైట్‌ఫీల్డ్‌లో స్నేహితుడి ఫ్లాటులో ఉంటున్నాడని, యలహంకలో మా ఇంటి నుంచి ఆఫీసు దూరం, ట్రాఫిక్, అది నిజమే, మొదట నాలుగు చొక్కాలు తీసుకెళ్లాడు, తర్వాత షూలు, తర్వాత దిండు, వచ్చిన ప్రతిసారీ ఒక సంచి, నేనే మడతపెట్టి ఇచ్చాను.

బయట ఆడవాళ్ల గొంతులు, బయమ్మా, పక్కింటి తిమ్మమ్మా పోట్లాడుకుంటున్నారు, ఈ ఊళ్లో ఆ కొంగలు కాన్పుకు పుట్టింటికొచ్చే ఆడబిడ్డలట, పిల్లలు ఎగిరి అన్నీ తిరిగిపోయేటప్పుడు ఆడవాళ్లంతా పోయి చింతచెట్టు మొదట్లో వడిబియ్యం పోస్తారట, అత్తారింటికి పోయే కూతురి ఒడిలో పోసినట్టే, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి గిటకలు, వక్కలు, రవికగుడ్డ, ఈ ఏడు పోయాలా వద్దా అన్నది తగాదా, గూడు కట్టలే, గుడ్డు పెట్టలే, అట్లాంటిదానికి వడిబియ్యమేందే, బియ్యం ఎక్కువైనాయా నీకు అంటోంది తిమ్మమ్మ, గడప దాకా వచ్చిన పిల్ల, తాగను నీళ్లు గూడా లేక తిరిగిపాయ, ఒట్టి ఒడితో పంపేదానికి నీకు మనసెట్ల వస్తాదే అంటోంది బయమ్మ, పోయినదాన్ని ఇంగ యాడ పంపుతావే అంది తిమ్మమ్మ, అది నాకు తగిలింది, ఎందుకో తెలియదు.

చివరికి బయమ్మే గెలిచింది, చెట్టు దగ్గర పోసి వచ్చాక చాటలో ఇంకా మిగిలింది, మిగిలింది ఇంట్లోకి తేకూడదట, ఎవరైనా ముత్తైదువ ఒడిలో పోయాలట, నా వైపు చూసింది, నీకేమమ్మా, పుట్టింటికి వచ్చిన పిల్ల మాదిరే ఉండావు, మీయాయన యాడ, వస్తాండాడు అన్నాను, అట్లయితే కూసో, కూర్చున్నాను, ఇద్దరూ నవ్వారు, ప్యాంటు ఏసుకొనొస్తే ఒడి యాడుంటాదమ్మా, జేబులో పొయ్యాల్నా అంది తిమ్మమ్మ, బయమ్మ తన పాత చీర తెచ్చి ప్యాంటు మీదే చుట్టింది, పొగ వాసన, కొంగు పరిచి దోసిళ్లతో బియ్యం పోసింది, అనుకున్నంత తేలిక కాదు, తొడల మీద చల్లగా దిగింది, కొంగు ముడివేస్తూ చెప్పింది, దీన్ని యాడా దింపగూడదు, ఈడ వండగూడదు, మీ ఇంట్లో, మీ పొయ్యి మింద వండి, మీయాయనకు పెట్టి, నువ్వు తినల్ల, అప్పుడే పలితం, సరే అన్నాను, సరే అనడం నాకెప్పుడూ కష్టం కాలేదు.

అదిగో మళ్లీ దుమ్ము, చెరువు అవతల, ఎర్రగా, కారేమో సూడమ్మా అంది బయమ్మ, లేవబోయాను, లేస్తే బియ్యం ఒలికిపోతుంది, కూర్చునే చేయి పక్క కుర్చీ మీదికి చాపాను, బైనాక్యులర్స్ కోసం, చేతికి ప్లాస్టిక్ తగిలింది, అవును, అవి నా దగ్గర లేవు, పోయినసారి ఇంటికి వచ్చినప్పుడు భరత్ తీసుకెళ్లాడు, నేరుగా ఇక్కడికి తెస్తాడని, వరండా చివర వీరేష్ మళ్లీ ఫోనులో చెబుతున్నాడు, వస్తాండాయి సార్, ఆ రోజు బీరువా ముందు నిలబడి భరత్ వాటి అద్దాలను చొక్కా అంచుతో తుడిచాడు, పట్టీని చుట్ట చుట్టాడు, నన్ను అడగలేదు, నా వైపు చూడలేదు, మంచిది, కాటేజీకి తెచ్చెయ్ అన్నాను నేను, ఊఁ అన్నాడు, అన్నాడా, ఆ గదిలో ఊఁ వినిపించింది నిజమే, కానీ అప్పుడతని నోట్లో బీరువా తాళంచెవి ఉంది, పళ్ల మధ్య పట్టుకుని ఉన్నాడు, ఊఁ అన్న గొంతు నాది, అతనికి బదులు, దుమ్ములోంచి గొర్రెలు బయటికొస్తున్నాయి, ఒడిలో బియ్యం వేడెక్కుతోంది నా ఒంటి వేడికి, దింపడానికి చోటు లేదు, వండడానికి పొయ్యి లేదు, అతను బైనాక్యులర్స్ ఇక్కడికి తేవడానికి తీసుకెళ్లలేదు, చొక్కాల్లాగా, దిండులాగా, అవి తనవి గనుక తీసుకెళ్లాడు.