నోటి వాసన

క్రేన్ డ్రైవరు తాగి పనిలోకి వస్తున్నాడని ఫ్యాక్టరీ డాక్టరు తేల్చేశాడు. రక్తం తీయలేదు, నోరు చూడలేదు. తూలే నడక చూశాడు, అంతే. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ఇతను ఆ చెట్టు దరిదాపులకే పోలేదు. అయినా ఇంటికి పంపేశారు. విచారణలో అదే మాట ఖాయమైతే ఉద్యోగం పోయినట్టే.

అతని భార్య బట్టలు కుడుతుంది. కోపం ఆమెకు ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపమంతా ముందు మొగుడి మీదే చూపించింది. బయటికెళ్ళి వచ్చినప్పుడల్లా గుమ్మంలో ఆపి, "ఏదీ, నోరు తెరవండి" అనేది. వాసన ఉండేది కాదు. అయినా నమ్మేది కాదు. నిప్పు లేనిదే పొగ రాదని ఆమె వాదన.

ఒకనాటి పొద్దున్నే అతను ముఖానికి సబ్బు రాసుకుంటూ ఆమె కళ్ళెదుటే దబ్బున పడ్డాడు. ఆ పూట ఆమె వాసన చూడలేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది.

అక్కడి కుర్ర డాక్టరమ్మ అతని నాలుక చూసింది. ఎర్రగా, నున్నగా ఉంది. పాదాల సంగతి అడిగింది.

"దూది మీద నడిచినట్టుంటదమ్మా."

"కాళ్ళు దగ్గరగా పెట్టి కళ్ళు మూసుకోండి బాబాయ్."

మూసుకోగానే పక్కకు ఒరిగిపోయాడు. డాక్టరమ్మే పట్టుకుంది.

"ఇది తాగుడు కాదు, బి12 విటమిను తగ్గినట్టుంది. పాదం ఎక్కడుందో నరాలు చెప్పట్లేదు. ఇన్నాళ్ళూ కళ్ళతో చూసుకుని నెట్టుకొచ్చారు. షుగరు మాత్రలు వాడుతున్నారా?"

"ఏళ్ళ తరబడి. మా ఫ్యాక్టరీ డాక్టరే ఇస్తాడు."

"ఆ మాత్రలతో ఒక్కోసారి బి12 పడిపోతుంది. మధ్యమధ్యలో పరీక్ష చేయించాలి."

రక్తపరీక్ష డాక్టరమ్మ మాటే నిజమంది. భార్య తిన్నగా ఫ్యాక్టరీ డాక్టరు గదిలోకి వెళ్ళింది.

"మాత్రలు మీరిచ్చారు. పరీక్ష మీరు మరిచారు. మనిషి తూలితే తాగుబోతన్నదీ మీరే."

"ఇంజెక్షన్లు చేయించమ్మా, తగ్గుతుంది. దీనికింత రాద్ధాంతం ఎందుకు?"

"నరాలకు సూదుంది. పోయిన పరువుకి ఏ సూది వేస్తారు? ఆ మాట వెనక్కి తీసుకునేదాకా నేనిక్కణ్ణించి కదలను."

కదల్లేదు. సాయంత్రానికి మాట వెనక్కి వచ్చింది, నరాలు కుదుటపడేదాకా క్రేన్ ఎక్కకుండా కింద కూర్చుని చేసే పనీ వచ్చింది. తన గెలుపు చెబుదామని ఆమె ఇంటికొచ్చి గుమ్మంలోనే కాచుకుని కూర్చుంది.

ఇంజెక్షను వేయించుకుని గోడ పట్టుకుంటూ వచ్చిన అతను, ఆమెను చూడగానే ఆగిపోయాడు. అడక్కుండానే నోరు తెరిచాడు.