నూకలకు కొన్న బిడ్డ

నూకలు రాలుతున్న చప్పుడు.

పట్టుచీర ఒడిలోకి, తడి ఇసుక జారినట్టు, గుప్పెడు తర్వాత గుప్పెడు. గొడ్లసావిట్లో పేడవాసన, సాంబ్రాణి పొగ. కొత్త చేటలో ఎర్రటి పసిగుడ్డు. ఇంకా కళ్ళు తెరవలేదు.

సారమ్మ మానెడు నూకలూ పోసేసి చేట అందుకుంది.

"ఎవరి బిడ్డ?" అని అడిగింది మంత్రసాని. గట్టిగా, పైన దూలాల మీద కూర్చుని ఎవరో వింటున్నట్టు.

"సారమ్మ బిడ్డ" అంది రాణి శేషారత్నం.

అలాగే అనాలి. అంతకుముందు ముగ్గురిని కన్నది ఆవిడ. ముగ్గురినీ నా తండ్రి, నా బంగారం అని పిలుచుకుంది. ముగ్గురూ ఐదేళ్ళు నిండకుండానే పోయారు. మృత్యువుకు చెవులుంటాయట. నాది అన్న మాట ఎక్కడ వినపడితే అక్కడికి వస్తుందట. అందుకని ఆ వైపు ఊళ్ళలో, పిల్లలు దక్కని తల్లి పుట్టిన బిడ్డను పుట్టగానే అమ్మేస్తుంది. పరాయి ఆడదానికి, చేటలో పెట్టి, నూకలకు. ఐదేళ్ళు నిండాక తిరిగి కొనుక్కుంటుంది. ఈలోగా నా బిడ్డ అనకూడదు. దగ్గరకు తీసుకోకూడదు. వాడి కోసం కంట తడి పెట్టకూడదు.

ఐదేళ్ళూ వాడు సారమ్మ బిడ్డే.

పేరు కూడా పెట్టలేదు. నూకలకు కొన్నారు కనుక నూకరాజు అన్నారు.

సారమ్మ మొగుడు ఎలీయాజరు దివాణంలో పాలేరు. ఆ నెలలోనే వాళ్ళ పసికందును చర్చి వెనక పాతిపెట్టి వచ్చారు. నూకల సంగతి తెలిసి పాస్టరుగారు కోప్పడ్డారు — బైబిలు చదివిన ఇంట్లో ఇదేం మూఢాచారం అని. సారమ్మ తల వంచుకుని అంతా విన్నది. తల ఎత్తేసరికి రవిక పాలతో తడిసిపోయి ఉంది.

పాస్టరుగారు బైబిలు చంకలో పెట్టుకుని లేచి వెళ్ళారు.

గణపవరం దగ్గర ఆ దివాణం. ఏనుగుశాల ఉంది, ఏనుగు లేదు. ఫిరంగి ఉంది, దాని నోట్లో పిచ్చుకల గూడు ఉంది. ఉన్నదల్లా పన్నెండు ఊళ్ళ మాగాణి. రెండో ఏడు రాజుగారు పోయారు. ఇక ఆ పన్నెండు ఊళ్ళూ నూకరాజువి. నూకరాజు లేకపోతే, రాజుగారి తమ్ముడు అబ్బాయిరాజువి.

రోజూ పెరటి వసారాలో సారమ్మ వాడికి పాలిచ్చేది. తర్వాత అన్నం పెట్టేది. మేడ మీద కిటికీ ఊచల మధ్య నాలుగు వేళ్ళు కనపడేవి. తెల్లగా, బిగుసుకుపోయి. వాడు తింటున్నంతసేపూ ఆ వేళ్ళు కదిలేవి కావు.

వాడికి రైలంటే ప్రాణం. చూడలేదు, విన్నాడంతే. ఐదో ఏడు నిండడానికి రెండు నెలలుందనగా అబ్బాయిరాజు వాణ్ణి బండెక్కించుకున్నాడు — తాడేపల్లిగూడెంలో రైలు చూపిస్తానని.

పొద్దు వాలకముందే ఒక్కడే తిరిగొచ్చాడు.

"స్టేషను జనంలో తప్పిపోయాడు వదినగారూ. మీరెలా అంటే అలా చేద్దాం. పోలీసు రిపోర్టు ఇమ్మంటారా? ఇస్తాను. ఎవరి బిడ్డని రాయించమంటారు?"

దివాణంలో ఇరవైమంది ఉన్నారు. ఇరవైమందీ రాణిగారు కూర్చున్న తెర వైపు చూశారు.



"సారమ్మ బిడ్డ" అంది శేషారత్నం. "సారమ్మ చూసుకుంటుంది."

ఏడుపు రాలేదు. ఇరవైమందీ విన్నారు, ఆ ఏడుపు రాకపోవడాన్ని.

*

కథల్లోనైతే రాజకుమారుడు మాయమైతే గుర్రాలు బయలుదేరతాయి. నగారాలు మోగుతాయి. మంత్రి కొడుకు కత్తి దూసి ఏడు సముద్రాల అవతలికి పోతాడు.

సారమ్మ చద్దిమూట కట్టుకుంది.

తాడేపల్లిగూడెం. మిల్లు గొట్టాలు, ఊకదుమ్ము, ఊకదుమ్ములోంచి ఎండ. స్టేషను గేటు దగ్గర జామకాయలమ్మే ముసలమ్మ.

"పట్టుచొక్కా పిల్లాడే కదూ? నీ బిడ్డా? బెజవాడ పాసింజరు ఎక్కించారు, ఎవరో ఇద్దరు, ఏలూరులో దిగాలనుకుంటూ. ఏడవలేదమ్మా. రైలెక్కానని సంబరం వాడికి. నాకు చెయ్యి కూడా ఊపాడు."

నవ్వుతూ వెళ్ళాడు...

ఆ మాట ముల్లులా దిగింది. దిగిన చోటే ఉండిపోయింది.

ఏలూరు. నాలుగు రోజులు. కాలవ వంతెన కింద, జట్కాల అడ్డాలో, పడవల రేవులో. ఎవరిని చూసినా అదే మాట — ఇంత పిల్లాడు, ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ, నిద్రొస్తే బొటనవేలు నోట్లో పెట్టుకుంటాడు. ఐదోరోజున ఒక జట్కావాడు గుర్రానికి గడ్డి వేస్తూ గడ్డంతో దక్షిణం వైపు చూపించాడు.

"సరస్సు మీదికి."

కొల్లేరు.

మంచు. మంచు కింద నీళ్ళు. నీళ్ళ మీద మంచు. ఏది ఎక్కడ ఆగిందో తెలియదు. కిక్కిస దుబ్బుల్లో ఏవో రెక్కలు తడుపుకుంటున్న చప్పుడు. పైనెక్కడో గూడబాతులు, బరువుగా, బద్ధకంగా.

సత్తిబాబుది తాటిదోనె. చేపలు పట్టే మనిషి. సారమ్మ కంటే పదేళ్ళు చిన్న, నోరు మాత్రం పెద్దది. అక్కను వాళ్ళవైపు అప్పా అంటారు.

"ఎన్ని లంకలున్నాయి తమ్ముడూ, ఈ నీళ్ళలో?"

"నీళ్ళు తక్కువుంటే ఎక్కువ. ఎక్కువుంటే తక్కువ."

"వేళాకోళమా?"

"నేనెందుకు చేస్తానప్పా? కొల్లేరే చేస్తది." గెడ వేశాడు. దోనె జారింది. "అయినా, రాజుగారి బిడ్డంటున్నావ్. రాజుగారి బంట్రోతులేరి? తలపాగాలు తడుస్తాయనా?"

సారమ్మ ముందున్న లంక వైపు చెయ్యి చూపింది.

లంక తర్వాత లంక. ప్రతి లంకలోనూ ఇలా దోనె ఆగితే అలా పిల్లలు పరుగెత్తుకొచ్చేవాళ్ళు. ఒంటిమీద బట్టల్లేని పిల్లలు, బురద పూసుకున్న పిల్లలు, నవ్వే పిల్లలు. అందరి ఎడమ చెవులూ చూసింది. అందరూ ఇంకెవరి బిడ్డలో.

రాత్రుళ్ళు ఎవరి పంచలోనో పడుకునేది. పగలంతా నీళ్ళు. తుంగ వాసన ఒంటికి పట్టేసింది. కార్తీకం పోయి మార్గశిరం వచ్చింది. తామరాకులు ఎండి, అంచులు ముడుచుకుని, నీళ్ళ మీద పాత చేతుల్లా తేలుతున్నాయి.

పన్నెండో లంకలో ఒక పిల్లాడు బాతుల్ని తోలుతున్నాడు. నల్లగా కమిలిపోయాడు. గోచీ. చేతిలో తనకంటే పొడుగు కర్ర. బాతుల మీద రాజరికం చేస్తున్నాడు.

దోనె వైపు తిరిగాడు.

కర్ర పారేశాడు.

"అమ్మా!"

నీళ్ళలోకే దిగి వచ్చాడు. బొడ్డు దాకా, గుండె దాకా. సారమ్మ దోనెలోంచి దూకింది. చెవి వెనక చూడలేదు. చూడక్కర్లేకపోయింది.

గట్టు మీద పాపాయమ్మ నిలబడి ఉంది. ముసలిది, పిల్లలు లేనిది. చేతిలో తెడ్డు.

"ఆగమ్మా. ఎవరూ లేనోడని చెప్పి నా గుమ్మంలో దింపిపోయారు. ఇన్నాళ్ళూ నా కంచంలో తిన్నాడు. జరమొస్తే నా గుండె మీద పడుకున్నాడు. నీవోడని గుర్తేంటి?"

"కన్నది నేను కాదమ్మా" అంది సారమ్మ. నీళ్ళు కారుతున్న కొంగుతో వాణ్ణి తుడుస్తూ అంది. "కొనుక్కున్నాను. మానెడు నూకలకి."

తెడ్డు దిగింది.

"చేటలోనా?"

"చేటలోనే."

కొల్లేటి మీద కూడా తల్లులకు బిడ్డలు పోతారు. అక్కడా చేటలున్నాయి. చేటలో కొన్నదానికి ఎదురు నిలబడే ఆడది ఆ నీళ్ళ మీద లేదు.

"అయితే నీదే" అంది పాపాయమ్మ. తర్వాత, గొంతు తగ్గించి — "ఒక్క పది రోజులుంచి తీసుకుపోకూడదా? బాతులు గుడ్లు పెట్టే రోజులు. చూస్తానని ఆశపడుతున్నాడు."

"అక్కడ ఒకావిడ కూర్చుని ఉందమ్మా. ఏడవడానికి కూడా లేకుండా కూర్చుని ఉంది."

పాపాయమ్మ పాకలోకి వెళ్ళి వచ్చింది. గుప్పెడు ఎండు చేపలు ఆకులో చుట్టి వాడి చేతికిచ్చింది. నీళ్ళ వైపు తిరిగి నిలబడింది. దోనె కనపడనంత దూరం పోయేదాకా ఇటు తిరగలేదు.

సరస్సు నడిమధ్యన సత్తిబాబు గెడ ఎత్తి పట్టుకున్నాడు.

"ఎటు తిప్పమంటావప్పా? తూర్పుకైతే మీ గణపవరం. ఇటు పోతే ముదినేపల్లి. చేల్లో పనికి మనుషులు కావాలి వాళ్ళకి. ఈణ్ణి చూసి రాజనుకునేవోడు అక్కడెవడూ లేడు."

వాడు ఒళ్ళో నిద్రపోతున్నాడు. బొటనవేలు నోట్లో. ఊపిరి చేపల వాసన.

నీళ్ళు ఎటూ పారడం లేదు. ఎటు పొమ్మన్నా పోయేలా ఉన్నాయి.

సారమ్మకు కిటికీ ఊచల మధ్య నాలుగు వేళ్ళు గుర్తొచ్చాయి.

"గణపవరం" అంది.

*

ఆమె గట్టున కాలు పెట్టకముందే కబురు గట్టెక్కింది. తాసిల్దారు ఆ వారం గణపవరంలోనే క్యాంపు. దివాణం సావిట్లో ఆయనకు కుర్చీ వేశారు. గుమాస్తాకు బల్ల వేశారు. సారమ్మ వాణ్ణి చంకనెత్తుకుని, రొప్పుతూ, బురద కాళ్ళతో గుమ్మంలోకి వచ్చింది.

అబ్బాయిరాజు లేచి ఎదురొచ్చాడు. అతని ముఖంలో భయం ఉంటుందనుకుంది. లేదు.

"రావే సారమ్మా. నీకోసమే కూర్చున్నాం."

తాసిల్దారు వైపు తిరిగాడు.

"నేను అర్జీలో రాసుకున్నది ఇదేనండి. మా అన్నగారికి సంతానం దక్కలేదు. ఇది పాలేరు బిడ్డ, దివాణంలో పెంచారు. కాదంటారా? బిడ్డ కనపడకపోతే మా వదినగారు కంట నీరు పెట్టలేదు. ఇరవైమంది సాక్ష్యం. రిపోర్టు ఇమ్మనలేదు. ఒక్క మనిషిని పంపలేదు. ఇదిగో, ఇది రెండు నెలలు తిండీ తిప్పలూ లేకుండా కొల్లేరు జల్లెడ పట్టింది. మీరే చెప్పండి. కన్నది ఏడవకుండా ఉంటుందా? కననిది కొల్లేరు దాటుతుందా?"

సారమ్మకు అప్పుడు అర్థమైంది.

వాణ్ణి చంపడానికి తీసుకుపోలేదు. దాచడానికి కూడా కాదు. ఎవరు ఏడుస్తారో, ఎవరు వెళతారో ఊరంతా చూడడానికి తీసుకుపోయాడు. ఏడవని తల్లి ఒక సాక్ష్యం. వెళ్ళిన తల్లి ఇంకో సాక్ష్యం. ఆ రెండో సాక్ష్యాన్ని తనే నడిపించుకుని, నీళ్ళు దాటించుకుని, చంకనెత్తుకుని తెచ్చి ఇచ్చింది.

ఐదేళ్ళు నిండడానికి ఇంకా తొమ్మిది రోజులుంది.

తాసిల్దారు తెర వైపు వంగాడు. మర్యాదగానే అడిగాడు. "అమ్మా, ఒక్క మాట చెప్పండి చాలు. ఈ అబ్బాయి మీ కొడుకేనా?"

తెర కింద రెండు పాదాలు. బొటనవేళ్ళు నేలను తొక్కిపట్టి ఉన్నాయి.

"తొమ్మిది రోజులు ఆగండి బాబూ" అంది లోపలి గొంతు. "తర్వాత చెబుతాను."

"నిజం చెప్పడానికి ముహూర్తం కావాలా వదినగారూ?"

ఎవరో నవ్వారు.

"అయ్యగారండీ!" సారమ్మ ముందుకొచ్చింది. "అది ఆచారమండీ. ఆవిడ అనకూడదండీ. నేను చెబుతానండీ — నేనే కొనుక్కున్నానండీ వాణ్ణి, ఐదేళ్ళు వాడు నా బిడ్డండీ, అందుకని —"

"విన్నారు కదండీ" అన్నాడు అబ్బాయిరాజు. "అదే చెబుతోంది."

"రేపు పొద్దున్నే నా క్యాంపు మారుతుందమ్మా" అన్నాడు తాసిల్దారు. విసుక్కోలేదు. ఆయనకు ఇలాంటివి వారానికి నాలుగు. "అవునా, కాదా?"

ముగ్గురిని నాది అంది. ముగ్గురినీ పాతిపెట్టింది.

అవునంటే పన్నెండు ఊళ్ళు వాడివి. కాదంటే ఊపిరి వాడిది.

"కాదు" అంది శేషారత్నం. గట్టిగా, పైన దూలాలకు వినపడేలా. "సారమ్మ బిడ్డ."

గుమాస్తా కలం ముంచాడు. "తండ్రి పేరు?"

సారమ్మ తెర వైపు చూసింది.

"ఎలీయాజరు" అన్నాడు అబ్బాయిరాజు. "మా పాలేరేనండి. మంచివాడు."

చంకలో పిల్లాడు ఎండు చేపల పొట్లం విప్పుతున్నాడు. చంక దిగి, తెర దగ్గరికి పోయి పాదాల ముందు ఒక చేపను పెట్టాడు. పాదాలు వెనక్కి జరిగాయి.

వాడికి అది కొత్త కాదు. తిరిగి వచ్చేశాడు.

*

ఆ తొమ్మిది రోజులూ దివాణం మేడ కిటికీ మూసే ఉంది.

సారమ్మ వాళ్ళ పేటలో పిల్లలు నూకరాజును ఆటలో చేర్చుకున్నారు. రాజా, రాజా అని ఏడిపించారు. వాడు వాళ్ళకు బాతుల్ని తోలడం నేర్పించాడు, బాతుల్లేకుండానే. ఎలీయాజరు సాయంత్రాలు వాడి వైపు చూసేవాడు, చూసి ఊరుకునేవాడు.

రోజూ ఉదయం సారమ్మ వాడి నుదురు ముట్టుకునేది. చల్లగా ఉండేది. ఆరోగ్యంగా ఉండేది.

పదో రోజు పొద్దున, ఎండ ఇంకా చేల మీదికి రాకముందు, దివాణం వైపు నుంచి ఒక ఏడుపు లేచింది.

ఒక్క గొంతు. కోతకొచ్చిన వరి మీదుగా, కాలవ మీదుగా, తాటితోపు దాటి పేట దాకా వచ్చింది. గుమ్మాల్లో ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని నిలబడిపోయారు. నా తండ్రీ... అంటోంది ఆ గొంతు. నా తండ్రీ, నా బంగారూ... ఐదేళ్ళుగా ఒక్కొక్క రోజూ మింగినదంతా ఒక్క పొద్దున కక్కుతోంది.

ఆ గొంతు వినవలసినవాళ్ళు క్యాంపు మార్చి తొమ్మిది రోజులైంది.

నూకరాజు గంజి ముంతలోంచి తలెత్తాడు.

"ఎవరు పోయారమ్మా, వాళ్ళింట్లో?"

ఇక ఎవరైనా ఏమైనా చెప్పొచ్చు. గడువు తీరింది. సారమ్మ నోరు తెరిచింది.

గాలి మళ్ళింది. ఏడుపు ఒక్క క్షణం తగ్గినట్టే తగ్గి, ఇంకా దగ్గరగా వచ్చింది.

"తాగు" అంది సారమ్మ. "చల్లారిపోతుంది."