పరాంకుశం చదివిన చీటీ

హనుమాయమ్మ నలభై ఏళ్లు ఒకే కథ చెప్పింది. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ గుమాస్తాగా చేరిన దగ్గర్నుంచీ, కింది ఉద్యోగుల పేర్లు రిజిస్టరుకెక్కించమని ఆఫీసు గేటు ముందు ధర్నా జరిగిన ప్రతిసారీ, చేతికి మైకు అందగానే ముందు ఆ కథే. అరవై నాలుగులో పాటల పరాంకుశం కచేరీ. ఆఫీసర్లూ వాళ్ల భార్యలూ కుర్చీల్లో. గేటు దగ్గర ఖాకీ బట్టల్లో నిలబడ్డ బంట్రోతు మేకల కోటిలింగం. అందరి ముందూ ఆ బంట్రోతు పేరు పరాంకుశం మైకులో చదివాడు. ఆ బంట్రోతు కూతుర్ని నేను. ఒక పాటగాడి నోటికి వచ్చిన పేరు మీ రిజిస్టర్లోకి ఎందుకు రాదు అని అడిగేది. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. ఆమెకు అంతకు మించిన ఉపన్యాసం రాదు, అవసరమూ పడలేదు.

ఇప్పుడామెకు డెబ్బై రెండు. ఆ కథకు రుజువు చూపించమన్నాడు రఘునందన్.

రఘునందన్ అంటే తెలుగు సంఘం కార్యదర్శి. పెద్ద హోదాలో రిటైరయ్యాడు, మాటలో ఇంకా ఫైలు వాసన పోలేదు. మనిషి చెడ్డవాడు కాదు గానీ ఏ గొడవనైనా కాగితం మీదికి దించితే చల్లారిపోతుందని నమ్ముతాడు. పరాంకుశం పాడిన పద్నాలుగు స్పూలు టేపులు గురుగ్రామ్‌లో ఆ పాటగాడి మేనకోడలి ఫ్లాట్లో దొరికాయి. సంఘం డెబ్బై ఏళ్ల పండక్కి వాటిని ఇంటర్నెట్‌లో పెట్టాలని కమిటీ తీర్మానించింది. అయితే పాటలు మాత్రమే. మధ్యలో మాటలు, దగ్గులు, మిమిక్రీ, పాట అడుగుతూ జనం పంపిన చీటీలు చదవడం అన్నీ కోసెయ్యాలి. ఎనభైల్లో క్యాసెట్ వేసినప్పుడు కూడా ఇదే పని చేశారు. అందుకే హనుమాయమ్మ కథ నిజమో కాదో తేల్చే దారి ఇన్నాళ్లూ ఎవరికీ లేకపోయింది.

ఒక్క ముక్క కోసినా ఊరుకోనని ఆమె మీటింగులో లేచింది. మూడు నెలలు పోట్లాడింది. పాటలు సినిమాల వాళ్లూ పాడతారు, పరాంకుశం అంటే ఆ చీటీలేనయ్యా అని గొంతు చించుకుంది. చివరికి రఘునందన్ విసిగిపోయి ఒక మాట అన్నాడు.

"మీ నాన్నగారి పేరు టేపులో వినపడితే మాటలన్నీ ఉంచుతాం. లేకపోతే పాటలే. ఠీక్ హై?"

"ఠీక్ హైలు నాకొద్దు. రాసివ్వండి," అంది హనుమాయమ్మ.

రాసిచ్చాడు, తారీఖుతో సహా. ఆ కాగితం చేతిసంచీలో పెట్టుకుని ఆమె నాలుగు రోజులుగా దక్షిణ ఢిల్లీలోని సాకేత్‌కి వస్తోంది. అక్కడ ప్రణతి అనే అమ్మాయి ఒక చిన్న గదిలో పాత టేపుల్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం సగం హిందీలో వస్తుంది. నాలుగు రోజుల్లో ఇద్దరికీ బాగానే కుదిరింది.

మొదటి టేపు మొదలైనప్పుడే హనుమాయమ్మ కాళ్లు దగ్గరికి లాక్కుని కుర్చీలో పదకొండేళ్ల పిల్లలా కూర్చుంది. ఆ గొంతు అలాంటిది. పరాంకుశం ఎప్పుడూ ఎలుగెత్తి పాడలేదు. పగలంతా ఆడిట్ ఆఫీసులో లెడ్జర్లు రాసేవాడు. శనివారం సాయంత్రం తెల్లకోటు వేసుకుని, మైకుని పెదాలకు ఆనించి, చెవిలో రహస్యం చెప్పినట్టు పాడేవాడు. అశోకా రోడ్డు వెనక ఏదో ఒక బంగళా లాన్లో కచేరీ. చలికాలమైతే పాట మధ్యలో నోట్లోంచి పొగ వచ్చేది. ఊరికెళ్లే రైలు ఆగ్రా దగ్గర మొరాయిస్తే ఎలా దగ్గుతుందో చేసి చూపించేవాడు. తరవాత చీటీలు. ఆఫీసు కాగితాల వెనక రాసి పంపిన చీటీల్ని ఒక్కొక్కటే విప్పి పేరు, హోదా, క్వార్టర్ నంబరు చదివితే గానీ పాట ఎత్తుకునేవాడు కాదు. ఢిల్లీ తెలుగువాడికి ఇంటిపేరు ఉండదు, హోదాయే ఇంటిపేరు అని ఆయనే వేళాకోళం చేసేవాడు. సెక్షనాఫీసరు గారి శ్రీమతికి విరహగీతం కావాలట, సెక్షనాఫీసరు గారు పక్కనే ఉన్నారు, మరి ఎవరి కోసమో అనేవాడు. కుర్చీలు ఊగిపోయేవి.

ఆ నవ్వులన్నీ టేపుల్లో ఉన్నాయి. ప్రణతి కూడా రెండు మూడుసార్లు పని ఆపి నవ్వింది. ఈయన స్టాండప్ చేసేవాడన్నమాట, కమాల్ హై అంది. ఇవి కోసెయ్యమన్న పెద్దమనుషుల్ని ఏమనాలో హనుమాయమ్మ రెండు మాటల్లో చెప్పింది. ఆ రెండు మాటలూ ఇక్కడ రాయడం కుదరదు.

ఐదో రోజు పొద్దున, తొమ్మిదో టేపులో, పరాంకుశం ఒక చీటీ విప్పిన చప్పుడైంది.

"ఇందులో రజాయి పాట, అదే మన దూది బొంత పాట, పాడమన్నారు. కింద సంతకం లేదు. 'గేటు దగ్గరున్నవాడు' అని ఉంది. బాబూ, గేటు దగ్గరున్నాయనా, మీ పేరేమిటి? పేరు వినందే నేను పాడను, నా పద్ధతి మీకు తెలుసు కదా."

తరవాత ఏమీ లేదు. కంప్యూటరు తెర మీద అలల్లా పరిగెత్తుతున్న గీత సాపుగా పడుకుంది. ఒక కుర్చీ కిర్రుమంది. ఎవరివో గాజులు కదిలాయి. రోడ్డు మీద కారు హారను. ప్రణతి లెక్క చూసింది. పదకొండు సెకన్లు. అప్పుడు మళ్లీ ఆ గొంతు, కాస్త తగ్గి.

"సరే. పేరు చెప్పకపోయినా చలి అందరికీ ఒకటే." పాట మొదలైంది.

ప్రణతి మెషీన్ ఆపింది. హనుమాయమ్మ అరచెయ్యి తన నోటి మీదికి వెళ్లి ఉంది. ఎప్పుడు వెళ్లిందో ఆమెకే తెలీదు.

ఆ రోజు ఆమె నోరు మూసింది నాన్నే. ఖాకీ గుడ్డ, బీడీ వాసన, గరుకు చెయ్యి. మా నాన్న పేరు కోటిలింగం అని అరవబోయింది పదకొండేళ్ల పిల్ల. నాన్న చెయ్యి టక్కున వచ్చి పడింది. కుర్చీల్లో నుంచి తలలు వెనక్కి తిరుగుతున్నాయి. ఆ తలలు చూడగానే ఆయనకు ఉద్యోగం గుర్తొచ్చింది. గేటు డ్యూటీలో ఉన్నవాడు పాట అడగడమేంటని సోమవారం పొద్దున ఎవడైనా అంటే? పాట మొదటి చరణం కూడా కాకముందే పిల్ల రెక్క పట్టుకుని సేవానగర్ క్వార్టర్ దాకా ఆగకుండా నడిపించాడు. దారి పొడుగునా ఆ పిల్ల లోపల్లోపల ఆ పేరు అంటూనే ఉంది. అనీ అనీ, కొన్నేళ్లకు అది పరాంకుశం గొంతులో వినపడటం మొదలైంది. అంతే జరిగింది. నలభై ఏళ్లు వేలమంది ముందు చెప్పింది అబద్ధమే.

ప్రణతి నెమ్మదిగా అంది. "ఆంటీ, ఈ టేపు ఇంకెవరూ వినలేదు. ఉంది అని చెప్పండి, బస్, అంతే. మీకు పేరు తెలుసు కదా, నేను కింద టైప్ చేసేస్తా."

హనుమాయమ్మకు కోపం రాలేదు. రావాల్సింది, రాలేదు. అలా చెయ్యాలని తనకూ అనిపించింది మరి.

"వద్దమ్మాయ్. రిజిస్టర్లు దిద్దేవాళ్లతోనే జీవితమంతా కొట్లాడాను," అని ఫోను తీసింది.

రఘునందన్‌తో మొదటి మాటే చెప్పేసింది. పేరు లేదండీ, నేను చెప్పింది తప్పు, మీ కాగితమే గెలిచింది అంది. ఆయన అటు తొందరపడి సంతోషించలేదు. అది నిజంగా ఆయన మర్యాద. మరి టేపులో ఏముంది అని అడిగాడు. ఆమె ఫోను స్పీకరు దగ్గర పెట్టి ప్రణతికి సైగ చేసింది. చీటీ విప్పిన చప్పుడు, ప్రశ్న, పదకొండు సెకన్లు, చలి అందరికీ ఒకటే.

"ఇంకోసారి వెయ్యండి," అన్నాడు రఘునందన్.

వేశారు.

"కోటిలింగం అంటే, ఫైళ్లు ఇంటికి తెచ్చేవాడు, ఆయనేనా?"

"ఆయనే. మీ ఇంటికీ తెచ్చాడు."

"అంటే కుర్చీల్లో వాళ్లందరికీ ఆయన పేరు తెలుసు."

"తెలీకేం. రోజూ గంట కొట్టి ఆ పేరుతోనే పిలిచేవాళ్లు."

"ఒక్కళ్లు కూడా చెప్పలేదు," అన్నాడు రఘునందన్. తరవాత, "మా నాన్నగారు ఏ శనివారమూ మానలేదు. మొదటి వరసలో కూర్చునేవారు," అన్నాడు. గొంతులో ఫైలు వాసన లేదు.

పొడవాల్సిన చోట పొడవకుండా ఊరుకోవడం ఆమెకు కొత్త.

కమిటీతో తను మాట్లాడతానన్నాడు. మాటలన్నీ ఉంచమన్నాడు, పదకొండు సెకన్లతో సహా. కావాలంటే పాట కింద కోటిలింగం గారి పేరు కూడా వేద్దామన్నాడు. ఆ 'గారు' విని హనుమాయమ్మ కళ్లు మూసుకుంది.

"వెయ్యొద్దు. పేరెందుకు చెప్పలేకపోయాడో వినేవాళ్లు అడగాలి. పేరు వేస్తే ఇంకేం అడుగుతారు?"

ఫోను పెట్టేశాక ప్రణతి తరవాతి టేపు ఎక్కించబోయింది. హనుమాయమ్మ ఆపింది. రజాయి పాట పూర్తిగా వెయ్యమంది. ఆ పాట క్యాసెట్‌లోకి రాలేదు, చౌకబారుగా ఉందని వదిలేశారు. నాన్న ఇంట్లో దాని మొదటి చరణం మాత్రమే పాడుకునేవాడు, ఖాకీ చొక్కా ఇస్త్రీ చేస్తూ. మిగతాది ఆమె వినలేదు.

మొదటి చరణంలో ఢిల్లీ చలి, ఒక రజాయి, మొగుడూ పెళ్లాం చెరో కొసా పట్టుకుని లాగుతున్నారు. లాన్ అంతా నవ్వుతోంది. రెండో చరణంలో రజాయి చిరిగి దూది బయటికొచ్చింది. తప్పు నీదంటే నీది. నవ్వు ఇంకా పెరిగింది. మూడో చరణానికి వచ్చేసరికి పరాంకుశం మైకుని ఇంకా దగ్గరికి లాక్కున్నట్టున్నాడు. ఇప్పుడు రజాయి మొత్తం ఆ మగవాడిదే. లాగేవాళ్లు లేరు. ఎటు కప్పుకున్నా ఒక పక్క చలి వేస్తోంది.

అమ్మ పోయింది ఆ కచేరీకి ముందటి చలికాలంలో.

నవ్వులు ఎక్కడ ఆగాయో తెలీకుండా ఆగాయి. ప్రణతి వేళ్లు కీబోర్డు మీద ఉండిపోయాయి. పాట అయింది. కాసేపటికి ఎక్కడో మూల నుంచి చప్పట్లు మొదలై లాన్ అంతా పాకాయి. ప్రణతి మెషీన్ ఆపడానికి చెయ్యి చాపింది. హనుమాయమ్మ ఆ చెయ్యి పట్టుకుని, చప్పట్లు కూడా పూర్తిగా అవనియ్యమంది.