రెండో మిషన్ మీది బంతిపూలు

గన్‌ఫౌండ్రీలో బ్యాంకు వెనక సందు, మూడో అంతస్తులో జయమణి ఆఫీసు. అక్కడ చేసే పని పదిమందికి విడమరిచి చెప్పినా పదకొండో మనిషికి ఎక్కదు. ఒక ప్రోగ్రామింగ్ భాషలో రాసినదాన్ని ఏ కంప్యూటర్ మీదైనా నడిపించే మధ్యవర్తి ఒకటుంటుంది. దాన్ని వర్చువల్ మెషిన్ అంటారు. పాతది ఒకటి, కొత్తగా తయారవుతున్నది ఒకటి. రెంటిలో ఏది చురుకు? అది తేల్చడమే జయమణి ఉద్యోగం. అద్దాల గదిలో అచ్చంగా ఒకేలాంటి రెండు కంప్యూటర్లు పెట్టింది. మొదటిదాని మీద పాతది, రెండోదాని మీద కొత్తది. రోజూ పన్నెండింటికి అవే నలభై ప్రోగ్రాములు వాటంతట అవే మొదలై, మూడింటికల్లా ఎవరు గెలిచారో అందరికీ మెయిల్ పంపేస్తాయి. మౌస్ కదిపినా లెక్క చెడుతుందని ఆ గది తాళం చెవి తనొక్కతే ఉంచుకుంది. మేనేజర్ గోపాలరావు కూడా అద్దం బయట నిలబడే మాట్లాడేవాడు.

2003 జూన్‌లో ఆమె భర్త ప్రేమ్‌రాజ్ నాంపల్లి స్టేషన్ ముందర స్కూటర్ మీంచి పడి చనిపోయాడు. అప్పటినుంచి జయమణికి ఏమీ అనిపించడం లేదు. ఏడుపు కూడా రాలేదు. చర్చిలో ఆడవాళ్లు ఎంత గుండెధైర్యమో అని చెవులు కొరుక్కున్నారు. ధైర్యమా పాడా! పప్పులో ఉప్పు లేదని కూడా తెలియని మనిషికి ధైర్యమేమిటి? ఆఫీసుకు మాత్రం నాగా పెట్టలేదు. అంకెలు ఎలా ఉన్నావని అడగవు, అంతే.

కొత్తదాన్ని రాసినవాడు విద్యాసాగర్. రెండేళ్లు రెక్కలు ముక్కలు చేసుకున్నాడు. అక్టోబరు మధ్యకల్లా అది పాతదాన్ని మించిందని తేలితే కంపెనీ దాన్నే తీసుకుంటుంది. లేకపోతే అదీ ఉండదు, అతనూ ఉండడు. దసరా దాకా ఫికర్ లేదు, పదిహేను శాతం ముందుంది.

దసరా ముందు రోజు ఆఫీసులో ఆయుధపూజ. జయమణి అద్దాల గది తాళం తీసిచ్చి, వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఊడ్చే లక్ష్మీనర్సమ్మ జాంబాగ్ నుంచి బుట్టెడు బంతిపూలు తెచ్చింది. విద్యాసాగర్ ఆమె వెంట పడ్డాడు.

“గీ రెండోదానికి జర నిండుగ కట్టు నర్సమ్మా. నా బతుకంతా దాంట్లనే ఉన్నది.”

నిండుగా అంటే నిండుగానే కట్టింది మహాతల్లి. కొత్త పసుపుగుడ్డ చుట్టి, దాని మీద మూరల కొద్దీ దండను ముందూ వెనకా రెండు వరసలు తిప్పింది. వాడి రాలేదాకా తీయొద్దని కూడా చెప్పి వెళ్లింది.

సెలవు తర్వాత మొదటి మెయిల్ వచ్చింది. కొత్తది పద్దెనిమిది శాతం వెనకబడింది.

జయమణి గదిలోకి వెళ్లి రెండో కంప్యూటర్ మీద చేయి పెట్టి చూసింది. పెనంలా కాలుతోంది. వేడి గాలి బయటికి పోయే సందులన్నీ గుడ్డా పూలూ కప్పేశాయి. ఆ ప్రాసెసర్లు మరీ వేడెక్కితే కాలిపోకుండా తమను తామే నెమ్మది చేసుకుంటాయి. సంగతి ఆమెకు క్షణంలో అర్థమైంది. చూసింది, బయటికొచ్చింది, తాళం వేసింది.

రెండేళ్ల కింద తన కంప్యూటర్‌కు బొట్టు వద్దని ఒక్క మాట అన్నందుకు, మేడమ్‌కు మన పూజ పడదని ఆర్నెల్లు ఆట పట్టించారు. ఇప్పుడు దండ మీద చేయి వేస్తే మళ్లీ అదే గోల అని తనకు తాను చెప్పుకుంది. అది సాకు. అసలు సంగతి, చెప్పాలంటే లేచి ఒకరి దగ్గరికి వెళ్లాలి, నోరు తెరవాలి, వాళ్ల మొహం చూడాలి. రేపు చెబుదామనుకుంది. రేపు కూడా రేపే అనుకుంది.

తొమ్మిది రోజులు అలాగే గడిచాయి. విద్యాసాగర్ రాసిందంతా విప్పి మళ్లీ కట్టాడు. గడ్డం పెరిగింది. అబిడ్స్‌లో ఇరానీ చాయ్‌కి పోవడం మానేశాడు. ఒక మధ్యాహ్నం ఆమె బల్ల దగ్గరికొచ్చి, నంబర్లు సరిగ్గానే వస్తున్నాయా అని అడిగాడు. సరిగ్గానే వస్తున్నాయని చెప్పింది. అందులో అబద్ధం లేదు చూడండి! ఆ కంప్యూటర్‌కు నిజంగానే అంత సమయం పడుతోంది.

పదో రోజు గోపాలరావు అందరినీ పిలిచాడు. విద్యాసాగర్‌కు మంచి మాటలతోనే చెప్పాడు, నీ అంతట నువ్వు రాజీనామా రాస్తే నీకే మర్యాద అని. అతను వాదించలేదు. ముందున్న కాగితం లాక్కుని, జేబులోంచి పెన్ను తీశాడు.

“నాకు చాత కాలేదు సార్. నేననుకున్నంత పనోణ్ని కాదు.”

జయమణి లేచింది. తాళం తీసి, దండ తెంపి, గుడ్డ లాగేసింది. అద్దం బయట లక్ష్మీనర్సమ్మ లెంపలు వేసుకుంది. అరగంట చల్లారనిచ్చి, మొత్తం మళ్లీ నడిపించింది. ఎవరూ అన్నానికి లేవలేదు. మూడు గంటల తర్వాత మెయిల్ వచ్చింది. కొత్తది పదిహేను శాతం ముందు.

గోపాలరావు ఆ రాజీనామా కాగితం చించేసి, భక్తి ఎక్కువైతే గిట్లనే అయితదని నవ్వాడు. అందరూ నవ్వారు. విద్యాసాగర్ కళ్లనిండా నీళ్లతో జయమణి ముందు చేతులు జోడించాడు. మీరు చూడకుంటే నేను పోయేవాణ్ని మేడమ్ అన్నాడు. ఆమె ఊరుకుంటే సరిపోయేది.

“నేను మొదటి దినమే చూసిన సాగర్,” అంది.

అతని చేతులు మెల్లగా కిందికి దిగాయి. “మరి చెప్పలేదేంది?”

“చెప్పబుద్ధి కాలే.”

గదిలో నవ్వు ఆగిపోయింది. అతను కోప్పడలేదు, గొంతు కూడా పెంచలేదు.

“మీ సార్ పోయిన దినం దవాఖానల, మార్చురీ కాడ, పొద్దటిసంది మీ పక్కన నిలవడ్డది నేను మేడమ్. కాయితాలన్నీ నేనే తిరిగి తెచ్చిన. యాదికున్నదా?”

జయమణి వెతుక్కుంది. ఆ రోజు పచ్చరంగు తలుపు గుర్తుంది, ఫినాయిల్ వాసన గుర్తుంది. పక్కన మనిషి ఉన్నట్టే గుర్తులేదు.

“లేదు,” అంది.

విద్యాసాగర్ తలూపి తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. ఒక్కొక్కరే లేచి వెళ్లారు. ఆమెకు సిగ్గేసింది. ఒళ్లంతా మండేంత సిగ్గు. కుర్చీలో కూర్చుని, నాలుగు నెలల ఏడుపూ అప్పుడు ఏడ్చింది, ఆఫీసంతా వినిపించేలా. ఈసారి పక్కన ఎవరూ వచ్చి నిలబడలేదు.