ఉప్పు చూసిన రోజు

నేను ఒక తెడ్డును. పడవ నడిపే తెడ్డు అనుకునేరు, ఆ నీళ్ల వ్యవహారం నాకు తెలియదు. పెళ్లిళ్లలో, తిరునాళ్లలో గుండిగల్లో అన్నం, పప్పు, దప్పళం కలిపే చెక్క తెడ్డును. నిలబెడితే మనిషి నడుం దాకా వస్తాను. నా అంచు ఒక పక్కే అరిగి ఉంటుంది చూడండి, అది చెదలు తిన్నది కాదు. నన్ను పట్టిన మనిషిది ఎడమచేతి వాటం.

బాపట్ల దగ్గర ఒక పల్లెలో, కాలవ గట్టు మీద నల్లతుమ్మ చెట్టులో కొమ్మగా ఉండేదాన్ని. వడ్రంగి వీరాచారి నన్ను కొట్టి, ఎండబెట్టి, చెక్కాడు. బ్రహ్మంగారికి దణ్ణం పెట్టుకోందే ఉలి ముట్టని మనిషి ఆయన. నన్ను కొనడానికి వచ్చింది మాత్రం ఏ దేవుడికీ దణ్ణం పెట్టని నాగభూషణం. పేరు చూస్తే సాక్షాత్తూ శివుడిది. ఇట్లాంటి తమాషాలు మీ మనుషుల్లోనే చూశాను.

"గుళ్లో పొంగలి కలిపే రాత ఉంది భూషణం దీనికి," అన్నాడు వీరాచారి.

"రాత సంగతి నాకు తెలవదు గానీ ఆచారీ, పిడి నున్నగా వచ్చిందా లేదా?" అని అడిగి, నన్ను భుజాన వేసుకుని వెళ్లిపోయాడు నాగభూషణం. నాకు ఒళ్లు మండింది. పుట్టగానే దీవిస్తుంటే పిడి సంగతి అడుగుతాడా మనిషి!

ఆ ఇంట్లో అడుగు పెట్టాక కోపం చల్లారింది. ఆయన భార్య తిరపతమ్మ నాకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, గోడకి ఆనించి, నాకే దణ్ణం పెట్టింది. ఆమెది శనివారాలు ఒంటిపూట ఉండే భక్తి. పొయ్యి వెలిగించే ముందు పొయ్యికీ, గుండిగకీ, నాకూ పసుపు తప్పేది కాదు. ఆ పసుపు నాగభూషణం అరచేతికి అంటుకునేది. ఆయన దాన్ని ఏనాడూ తుడుచుకోలేదు.

ఎందుకు నమ్మవయ్యా అని ఎవరైనా అడిగితే ఉపన్యాసాలు ఇచ్చేవాడు కాదు. "నాకైతే కనపడలేదండీ. కనపడితే ముందు మీకే చెబుతా," అని నవ్వేసి ఉల్లిపాయలు తరుక్కునేవాడు. ఇద్దరూ కలిసి ఊళ్లన్నీ తిరిగి వండారు, నేనూ తిరిగాను. క్రిస్మస్‌కి చర్చి ఆవరణలో కోడికూర కలిపాను. దర్గా ఉరుసుకి పలావు తిప్పాను. పాస్టరు గారు ఆయన రక్షణ కోసం ప్రార్థన చేశాడు, ముజావరు గారు నెమలీకల కట్టతో తల నిమిరాడు. నాగభూషణం ఇద్దరికీ ఇంకో గరిటెడు వడ్డించాడు.

వంటలో మాత్రం ఆయనకు రెండు పట్టింపులు ఉండేవి. మనుషులకు పెట్టే వంట అయితే, పొయ్యి మీద ఉండగానే నన్ను పైకెత్తి, నా అంచు నుంచి అరచేతిలో ఒక చుక్క వేసుకుని ఉప్పు చూసేవాడు. మనం నోట పెట్టుకోని కూడు ఇంకొకరికి పెట్టకూడదనేవాడు. దేవుడికి నైవేద్యం పెట్టే వంట అయితే ఒక్క చుక్క కూడా నాలుక మీద వేసుకునేవాడు కాదు. ఎంగిలి పడిన వంట దేవుడికి పనికిరాదని వాళ్లంతా నమ్ముతారు, ఆ నమ్మకాన్ని పాడుచేసే హక్కు తనకు లేదనేవాడు. అప్పుడు ఉప్పు తన పిడికిలి కొలతతోనే వేసేవాడు. ఆ పెద్దమనిషికి నమ్మకం అంటూ ఉన్నది తన పిడికిలి మీదే.

అయినా ఊరు ఊరుకుంటుందా? ఒక శ్రీరామనవమికి ముందు రామాలయం పెద్ద కోటయ్య గారు ఇంటికొచ్చాడు. మనిషి మంచివాడు, కాకపోతే కాస్త బోళా.

"నాస్తికుడి చేత స్వామి వంటేందని అంతా గొణుగుతున్నారు భూషణం. ఒక్కసారి గుడి చుట్టూ తిరిగి దణ్ణం పెట్టు, నోళ్లు మూతపడతాయి."

"పెట్టొచ్చండీ. కానీ అది అబద్ధం దణ్ణం అవుద్ది. అబద్ధం దణ్ణం మీ స్వామికి ఎందుకు?" అన్నాడు నాగభూషణం.

తిరపతమ్మ చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. స్వామి కల్యాణానికి వండటం అంటే ఆమెకు ప్రాణం. కోటయ్య గారు గొణుక్కుంటూనే వెళ్లాడు గానీ, వేరే వంటవాణ్ణి వెతికే తీరిక లేక ఆ ఏడాదికి సరే అన్నాడు.

నవమి నాడు గుడి వెనక తాటాకు పందిట్లో గుమ్మడికాయ దప్పళం కుతకుతలాడుతోంది. పొద్దుటి నుంచి ఉపవాసం ఉన్న కోటయ్య గారి ముక్కుకు ఆ వాసన తగిలింది. అటూ ఇటూ చూసి, మెల్లగా పందిట్లోకి వచ్చి అరచేయి చాపాడు.

"ఒక్క చుక్క వెయ్యి భూషణం. ఉప్పు సరిపోయిందో లేదో చూసి చెబుతా."

"ఇంకా స్వామికి చూపించలేదండీ."

"ఇక్కడెవరున్నారయ్యా చూడ్డానికి?"

"మీ స్వామి ఉన్నాడంటారు గదండీ!"

చాపిన చేయి చాపినట్టే ఉండిపోయింది. తర్వాత కోటయ్య గారు పగలబడి నవ్వాడు, కండువా జారి కింద పడేదాకా నవ్వాడు. ఆ రోజు తర్వాత నాగభూషణం వంట గురించి గుళ్లో ఎవరినీ నోరెత్తనివ్వలేదు. అబ్బ, ఆ నవమి ఎండ, ఆ పానకం చల్లదనం, ఆ పందిట్లో నవ్వులు ఇప్పటికీ నా చెక్కలో ఉన్నట్టే ఉంటాయి.

ఏళ్లు గడిచాయి. గ్యాసు పొయ్యిలు వచ్చాయి, తళతళలాడే స్టీలు గరిటెలు వచ్చాయి. నాగభూషణం నన్ను వదల్లేదు. ఒక వానాకాలం దగ్గు పట్టుకుని, ఛాతీలోకి దిగి, ఆయన్ని మంచాన పడేసింది. వదలదని ఆయనకే ముందు తెలిసింది.

"నాకు కర్మకాండలు వద్దు తిరపతమ్మా. పదిమందిని కూచోబెట్టి అన్నం పెట్టు, చాలు."

"పిండం పెట్టకపోతే ఆకలితో తిరుగుతావయ్యా!" అని ఆమె భోరుమంది. "నేను బతికుండగా నువ్వు ఆకలితో తిరగడం ఏంది?"

ఆయన ఆమె చేయి పట్టుకున్నాడు. "నాకేం కావాలో చెప్పా. నీ నమ్మకం నీది, దానికి నేను అడ్డం రాను. మాట ఇయ్యమని అడగను. నీ మనసుకి ఏది తోస్తే అది చెయ్యి," అన్నాడు.

మాట తీసుకుని పోయినా బాగుండేది. నిర్ణయం ఆమె నెత్తిన పెట్టి పోయాడు. ఆయన చెప్పినట్టు చేస్తే, ఆమె నమ్మకం ప్రకారం ఆయన ఆకలితో అలమటించాలి. ఆమె నమ్మినట్టు చేస్తే, బతుకంతా అబద్ధం ఆడని మనిషి పేరు మీద అబద్ధం దణ్ణం పెట్టినట్టు అవుతుంది. ఆ రోజుల్లో ఆమె నన్ను ఒళ్లో పెట్టుకుని, ఆయన చెయ్యి అరగదీసిన అంచును తడుముతూ కూచునేది.

పెద్దకర్మ రోజు రానే వచ్చింది. ముసలివాడైపోయిన కోటయ్య గారు కర్ర పట్టుకుని వచ్చాడు. కర్మకాండకు ఆమె అవునన్నదీ లేదు, కాదన్నదీ లేదు గనక, ప్రేమకొద్దీ పురోహితుణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆ పురోహితుడు వసారాలో దర్భలు సర్దుకుంటున్నాడు. పోయినవాడికి తొలి విస్తరి పెట్టాలి, కాకి ముట్టాలి, అప్పుడే మిగతావాళ్లు తినాలి. ఆ వంట అప్పటిదాకా ఎంగిలి పడకూడదు.

తిరపతమ్మ తనే పొయ్యి వెలిగించింది. నాకు పసుపు రాసింది. ఆమెది కుడిచేతి వాటం, నా అరగని పక్క మొదటిసారి గుండిగ అడుగుకు తగిలింది. గుమ్మడికాయ దప్పళం ఉడుకుతోంది.

"దించమ్మా," అన్నాడు కోటయ్య గారు. "ముందు భూషణానికి విస్తరి వేద్దాం. ఊరందరి కడుపూ నింపినోడే, వాడు ఆకలితో పోగూడదు."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. నన్ను పైకెత్తింది. నా అంచు నుంచి ఒక చుక్క అరచేతిలో వేసుకుంది. ఆమె ఆ అరచేతిని నోటికి తెచ్చుకునేటప్పుడు రెండో చేత్తో నన్ను ఎంత గట్టిగా పట్టుకుందో నాకు తెలుసు.

"ఉప్పు తక్కువైంది," అంది.

ఒక పిడికెడు వేసి, మళ్లీ నన్ను దించి తిప్పింది. తర్వాత కోటయ్య గారి వైపు తలెత్తి, "మనుషులకి పెట్టేది ఉప్పు చూసి పెట్టమనేవాడు ఆయన, బాబాయ్. ఇది మనుషులకే," అంది.

పురోహితుడు "నీ ఇష్టం తల్లీ," అని దర్భలు సంచిలో పెట్టుకున్నాడు. ఇక మిగిలింది కోటయ్య గారు. కోప్పడతాడేమో అనుకున్నాను. ఆయన కర్ర గోడకి ఆనించి, పొయ్యి దగ్గరకు వచ్చి, ముడతలు పడ్డ అరచేయి చాపాడు.

"నాకూ ఒక్క చుక్క వెయ్యమ్మా. ఆ రోజు వాడు వెయ్యలేదు."

ఆమె వేసింది. ఆయన నాలుక మీద పెట్టుకున్నాడు. "సరిపోయిందమ్మా," అన్నాడు, అని కండువా మొహానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ రోజు బంతిలో మొదట కూచున్నదీ ఆయనే.

ఇప్పుడు నేను వంటకి వెళ్లడం లేదు. దేవుడి గూటి పక్కన మేకుకు వేలాడుతున్నాను. నా ముసలితనానికి అంతకంటే మంచి చోటు ఏముంటుంది? తిరపతమ్మ భక్తి ఇసుమంతైనా తగ్గలేదు. శనివారం దీపం పెట్టి, రాముడికి బొట్టు పెట్టి, అదే వేలితో నాకూ పెడుతుంది. తర్వాత కొంగు నడుముకు దోపి, స్వామిని పక్కింటి మనిషిని నిలదీసినట్టు నిలదీస్తుంది:

"నేను ఆయన మాట తీసెయ్యలేదయ్యా. ఇంక ఆయన ఆకలి సంగతి నువ్వే చూసుకోవాల. ఇన్నేళ్లూ నీకు ఎంగిలి పడకుండా వండిపెట్టాడు, మర్చిపోమాక."