నురగ ఉన్నంతసేపు

పీత నోటి దగ్గర నురగ ఉంటే అది బతికి ఉన్నట్టు. నురగ ఆగిపోతే చచ్చినట్టు. మా షెడ్డులో ఇదొక్కటే సూత్రం. పదిహేనేళ్ళ వయసులో నేను పనిలో చేరినప్పుడు మేస్త్రి చెప్పాడు. నలభై ఏళ్ళు దాన్ని పట్టుకునే పని చేశాను.

పీతకి మొప్పలు డొప్ప కింద ఉంటాయి. రెండు పక్కలా, బూడిదరంగులో, మెత్తటి ఈకల్లా. చేపని ఒడ్డున వేస్తే దాని మొప్పలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. చుట్టూ అంత గాలి ఉన్నా ఊపిరాడక చస్తుంది. పీత అలా కాదు. మొప్పలు తడిగా ఉన్నంతకాలం ఒడ్డు మీద కూడా రోజుల తరబడి బతుకుతుంది. లోపల మిగిలిన కాసిని నీళ్ళనే తిప్పి తిప్పి వాడుకుంటుంది. ఆ నీళ్ళే గాలితో కలిసి నోటి దగ్గర నురగగా వస్తాయి. బుట్ట నిండా పీతలుంటే ఆ బుడగలు పగిలే చప్పుడు వినిపిస్తుంది. చిటచిట, చిటచిట. ఎండుటాకుల మీద సన్నటి తుంపర పడుతున్నట్టు.

నా పని పీతలు కట్టడం. కాలితో డొప్పని తొక్కిపట్టి, కరిచే కాళ్ళు రెండూ మడిచి, పురికొసతో బిగించి ముడి వెయ్యాలి. బల్లకి ఆ చివర నా భార్య. నేను కట్టినవాటిని బుట్టలో పేర్చి, పైన తడిగోనె కప్పడం ఆమె పని. గోనె గంటకోసారి తడపాలి. ఆమె అంతటితో ఆగేది కాదు. ఏ పీతయినా నురగ ఎక్కువగా కక్కుతూ కనబడితే, మగ్గుతో ఉప్పునీళ్ళు తెచ్చి ప్రత్యేకంగా దాని మీద పోసేది.

"పురికొస నానుతుందే. ముడి వదులైతే ఎవడి వేలు తెగుతుంది? మీ నాన్నదా?" అనేవాణ్ణి.

"మా నాన్న పీతలు కట్టలేదులెండి. పదివేళ్ళతో హాయిగా పోయాడు," అని మళ్ళీ పోసేది.

ఆ రోజు పొద్దున పదింటికి పీతల్ని మార్కెట్టుకి మోసే వ్యాను వచ్చి గుమ్మంలో నిలబడింది. దాని డ్రైవరుని అందరం హారన్ అంటాం. వాడి అసలు పేరు వాడికైనా గుర్తుందో లేదో. నేనింకా రెండు బుట్టలు కట్టాలి.

"ఏం బావా, వాటికి పెళ్ళి చేస్తున్నావా? ఒక్కో ముడికి ఇంతసేపా!" అని అరిచి, మళ్ళీ హారన్ కొట్టాడు.

అప్పుడే నా భార్య స్టూలు మీద కూలబడి గోడకి ఆనుకుంది.

"ఊపిరాడటం లేదండీ," అంది.

గొంతు పెంచలేదు. కాపురానికి వచ్చిన ఇరవై ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ పెంచలేదు. అది ఆమె చేసిన తప్పు.

తలెత్తి చూశాను. పెదవుల చివర నురగ. లేత గులాబీ రంగు. చిన్న చిన్న బుడగలు పుడుతున్నాయి, పగులుతున్నాయి. నా బుర్రకంటే ముందు నా నలభై ఏళ్ళ అలవాటు జవాబు చెప్పేసింది. నురగ ఉంది. ఇంకా టైముంది.

తల దించుకుని కట్టాను. రెండో బుట్టలో ఆఖరి పీతకి ఒక కాలు కట్టేసి, రెండోది మడుస్తుండగా చిటచిట ఆగింది. షెడ్డు నిండా బుట్టలున్నాయి, అన్నీ చిటచిటమంటూనే ఉన్నాయి. అయినా ఆ ఒక్కటీ ఆగినట్టు తెలిసింది.

వ్యానులో పీతల బుట్టల మధ్యే ఆమెని పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారి పొడుగునా హారన్ ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు. కొట్టాల్సింది అప్పుడు.

"గుండె బలహీనమై ఊపిరితిత్తుల్లోకి నీరు దిగింది. నురగ ఎప్పుడు మొదలైంది?" అని డాక్టరు అడిగాడు.

"దారిలో," అన్నాను.

"అయితే మీరు చెయ్యగలిగింది ఏమీ లేదు. అంతకుముందే అయితే..." అని ఆపేశాడు.

మా అమ్మాయి వచ్చాక తనకీ అదే చెప్పాను. దారిలో. అబద్ధానికి అంతకంటే ఎక్కువ మాటలు అక్కర్లేదు. నాకు మిగిలింది ఆ పిల్ల ఒక్కతే. మా ఇద్దరి మధ్య సంబంధం ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది.

ఆ సాయంత్రం నా భార్య చెప్పుల కోసం షెడ్డుకి వెళ్ళాను. స్టూలు కింద ఆ పీత ఉంది. ఒక కాలు కట్టి, ఒకటి వదిలేసి. నురగ కక్కుతోంది. బకెట్లో వేసుకుని ఇంటికి తెచ్చాను.

పన్నెండో రోజున మా అమ్మాయి మళ్ళీ వచ్చింది. మూడు గంటల బస్సు ప్రయాణం. తనుండే ఊళ్ళో ఒక కుట్టుపని కంపెనీలో బడిపిల్లల బట్టలు కుడుతుంది.

"బట్టలు సర్దుకో నాన్నా. నాతో వచ్చెయ్. ఇక్కడ ఒక్కడివీ ఏం చేస్తావు? అన్నం అడుగంటించుకుని తినడం తప్ప," అంది.

సరేనన్నాను. సంచి తీస్తున్నాను. కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళినది గుమ్మంలోనే ఆగిపోయింది.

"నాన్నా, స్నానాలగదిలో ఆ చప్పుడేంటి?"

నేను మాట్లాడేలోగా బకెట్ మీద కప్పిన తడిగోనె ఎత్తి చూసింది.

"పీత! ఎప్పటిది ఇది?"

"అమ్మ పోయిన రోజుది."

"పన్నెండు రోజుల్నుంచీ గోనె కిందేనా? ఉప్పుకాలవ మన ఇంటి వెనకే ఉంది కదా. బకెట్లో కాస్త ఉప్పునీళ్ళు పోసి ముంచి ఉంచొచ్చుగా?"

"నీళ్ళలో ఉంటే నురగ రాదు."

"రాకపోతే ఏం?"

"బతికుందో లేదో ఎలా తెలుస్తుంది?"

తను గోనె వదిలేసి నా వైపు తిరిగింది.

"నురగంటే బతికుందని కాదు నాన్నా. నీళ్ళు చాలట్లేదని. ఊపిరి కోసం కొట్టుకుంటోందని. చిన్నప్పుడు అమ్మ మగ్గు నా చేతికిచ్చి, అదిగో అది అడుగుతోంది, నీళ్ళు పొయ్యి, అనేది."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పే ఉంటుంది. పురికొస నానుతుందని నువ్వు అరిచి ఉంటావు."

అవును. అరిచాను. ఒకే బల్లకి ఆ చివర ఆమె, ఈ చివర నేను. ఒకే నురగ. ఆమెకి అది అడుగుతున్నట్టు వినిపించింది. నాకు, ఇంకా టైముందని చెబుతున్నట్టు.

మా అమ్మాయి వంగి పీతని డొప్ప వెనకనుంచి పట్టి పైకెత్తింది. షెడ్డు పిల్ల, పట్టు మర్చిపోలేదు. పురికొస వేలాడుతోంది.

"ఒక కాలే కట్టావు," అంది.

తను పీతని మళ్ళీ బకెట్లో దించింది.

"నువ్వు ముడి సగంలో వదిలేసే మనిషివి కాదు. అమ్మకి నురగ ఎక్కడ మొదలైంది నాన్నా?"

దారిలో అనాలి. నోట్లో సిద్ధంగానే ఉంది ఆ మాట. బకెట్ అంచు మీదుగా ఆ పీత నా మొహంలోకి చూస్తూ చిటచిటమంటోంది.

"షెడ్డులో," అన్నాను.

"నువ్వు చూశావా?"

"చూశాను."

"చూసి?"

"రెండు బుట్టలు కట్టాను."

తను ఏడవలేదు. చేతిసంచిలోంచి దారాలు తెంపే చిన్న కత్తెర తీసి పురికొస కత్తిరించింది. బకెట్ పట్టుకుని పెరటి గుమ్మంలోంచి కాలవ దగ్గరికి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. పీతని నీళ్ళలోకి వదిలింది. నురగ విడిపోయి కాసేపు పైన తేలింది. పీత పక్కకి నడుచుకుంటూ బురదలోకి దిగిపోయింది. బతికే ఉంది. చప్పుడు మాత్రం లేదు.

"బట్టలు సర్దుకోనా?" అని అడిగాను.

"వద్దు," అంది. చేతులు కడుక్కుంది. "నా బస్సుకి టైమైంది."

ఎండలో నడిచి వెళ్ళిపోయింది. మలుపు దగ్గర కూడా తిరిగి చూడలేదు. తప్పు పట్టను. తన చోట నేనుంటే పన్నెండు రోజుల ముందే వెళ్ళిపోయేవాణ్ణి.

లోపలికొచ్చి కూర్చున్నాను. బకెట్ పెరట్లో బోర్లించి ఉంది. ఇల్లు కాసేపు నిశ్శబ్దంగా ఉంది. తర్వాత మొదలైంది. చిటచిట, చిటచిట. స్నానాలగదిలోంచి కాదు. నిలబడి చెవి పెట్టాను. నా భార్య పడుకునే మంచం మీదనుంచి. గోడవైపు, తల పెట్టుకునే చోట.

మగ్గు తీసుకుని కాలవకి వెళ్ళి ఉప్పునీళ్ళు తెచ్చాను. గోనె బాగా తడిపి మంచం మీద పరిచాను. చప్పుడు తగ్గింది.

గంటకోసారి తడపాలి. ఎండనివ్వకూడదు.