ముందు ఎడమ చక్రం

ఆ శనివారం కూడా కారు కూలబడే ఉంది. ముందు ఎడమ చక్రం సగం లోపలికి దూరిపోయి, బంపరు గరాజు నేలకు నాలుగు వేళ్ల ఎత్తులో ఆగింది. ఫణికుమార్ దాని ముందు చతికిలబడి టార్చి వేసి చూస్తున్నాడు. ఇలా చూడడం ఇది ఐదో శనివారం.

ఆ కారుకు ఇనుప స్ప్రింగులుండవు. ఒక్కో చక్రం దగ్గర ఒక గాలి తిత్తి, వాటికి గాలి కొట్టే కంప్రెసరు, మధ్యలో సన్నటి గొట్టాలు. అంత ముచ్చటైన ఏర్పాటు రాత్రి నిటారుగా నిలబడి తెల్లారేసరికి ఒరిగిపోయేది. ఫణి మొదట కంప్రెసరు మార్చాడు. తర్వాత రిలే, ఆ తర్వాత ఎత్తు కొలిచే సెన్సరు. కిందటి వారం ఏకంగా గాలి తిత్తినే మార్చాడు. మార్చిన ప్రతిసారీ సాయంత్రం లేచి నిలబడేది, పొద్దునకల్లా మళ్లీ మొదటికొచ్చేది. అమెరికాలోని ఆష్‌బర్న్‌లో ఒక డేటా సెంటర్‌లో అతని ఉద్యోగమే ఏది ఎందుకు చెడిందో కనిపెట్టడం. వారమంతా అక్కడ అదే పని, ఇంటికొస్తే ఇక్కడా అదే. మనిషికి కళ్లు పీక్కుపోయాయి.

పక్కన ప్లాస్టిక్ కుర్చీలో అతని తండ్రి కొండల్ రావు కూర్చుని ఉన్నాడు. హనుమకొండ బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్లు మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. కొడుకు దగ్గరికొచ్చి నాలుగు నెలలైంది. కారు మీద చెయ్యి వేయబోతే చాలు, "నాన్నా, ఇది బస్సు కాదు, అంతా కంప్యూటరే. నువ్వు కూర్చో" అనేవాడు ఫణి. కూర్చుని కూర్చుని ఆయన నడుము పట్టేసింది. పనిచేసి అలిసిపోతే నిద్రైనా పడుతుంది. ఈ అలసటకు అదీ లేదు.

కారు సరే, దాని వల్ల ఇంకోటి కూడా చెడింది. ఆ కారు అమ్మినవాడు మానవ్, ఫణి స్నేహితుడు, రెండు వీధుల అవతలే ఉంటాడు. ప్రతి ఆదివారం పొద్దున వచ్చి, కొండల్ రావు పక్కన టీ కప్పుతో కూర్చుని, "అంకుల్, ఆ మేడారం జాతర డ్యూటీ సంగతి మళ్లీ చెప్పండి" అనేవాడు. ఈ దేశంలో ఆ పెద్దాయన్ని నోరు తెరిచి ఏదైనా అడిగింది అతనొక్కడే. కారు మొదటిసారి ఒరిగిన వారమే ఫణి అతన్ని ఇంటి ముందు నిలదీశాడు. "తెలిసే నాకు అంటగట్టావ్. ఫ్రెండ్‌వని నమ్మితే ఇంత మోసం చేస్తావా?" అన్నాడు. మానవ్ ఎంత చెప్పినా వినలేదు. ఆ తర్వాత ఆదివారాలు వచ్చాయి గాని మానవ్ రాలేదు. కొండల్ రావుకు కారు కంటే ఆ ఖాళీ ఆదివారాలే ఎక్కువ బాధగా ఉన్నాయి.

"సబ్బు నీళ్లు కొట్టి చూసినవా?" అని అడిగాడాయన.

"స్కానర్ పెట్టా నాన్నా. ప్రెషర్ తక్కువుందని కోడ్ ఇస్తోంది. ఎక్కడ తక్కువో చెప్పట్లేదు."

"అది చెప్పదు బిడ్డా. సబ్బు చెప్తది."

ఫణికి వాదించే ఓపిక కూడా లేదు. "నీ ఇష్టం. నేను కాసేపు పడుకుంటా" అని లోపలికి వెళ్లిపోయాడు.

కొండల్ రావు కోడలు నీహారికనడిగి గిన్నెలు తోమే సబ్బు, ఒక స్ప్రే బాటిల్ తెచ్చుకున్నాడు. గరాజు తలుపు తెరిచి ఇంజన్ ఆన్ చేశాడు. కంప్రెసరు మూలుగుతూ కారును పైకి లేపింది. మళ్లీ దిగకుండా కింద స్టాండ్లు పెట్టి, ఇంజన్ ఆపి, మోకాళ్లను తిట్టుకుంటూ పడుకున్నాడు. తిత్తి మీద కొట్టాడు, ఏమీ లేదు. గొట్టం తిత్తిలోకి దిగే చోట కొట్టాడు, అక్కడా లేదు. గొట్టాన్ని వేలితో పట్టుకుని బంపరు వెనకదాకా పోయి కొట్టాడు. పిట్టగుడ్డంత నురగ పొంగింది.

దొరికిందన్న సంతోషం క్షణం కూడా నిలవలేదు. నురగ తుడిస్తే తుప్పుపట్టిన బైండింగ్ వైరు కనపడింది. గొట్టం చుట్టూ మూడు చుట్లు, చేతికి గుచ్చుకోకుండా లోపలికి మడిచిన కొస. అలా మడవడం డిపోలో కుర్రాళ్లకు ఆయనే నేర్పేవాడు.

కారు ఇంటికొచ్చిన రోజు ఆయన నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చి దిష్టికని కట్టబోయాడు. "ముందర వేలాడదీయకు నాన్నా, కాలనీలో అందరూ చూస్తారు" అన్నాడు ఫణి. అందుకని బంపరు వెనక్కి చెయ్యి దూర్చి, చూడకుండా, తగిలినదానికి బిగించాడు. కాయలు ఎప్పుడో ఎండి రాలిపోయాయి. మిగిలిన వైరు కారు కదిలినప్పుడల్లా గొట్టాన్ని కోస్తూ వచ్చింది. ముప్పై నాలుగేళ్ల మెకానిక్ గాలి గొట్టానికి వైరు చుట్టాడు! సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. ప్లయర్‌తో వైరు తెంపి జేబులో వేసుకున్నాడు. ఎందుకు దాచాడో ఆయనకు బాగానే తెలుసు.

ఫణి లేచి వచ్చి, ఇంకా బుస్సుమంటున్న గొట్టాన్ని చూసి అరిచినంత పని చేశాడు. "దొరికిందా! ఎలుక కొరికినట్టుంది. నాన్నా, నువ్వు గ్రేట్." వంగి తండ్రి భుజం పట్టుకున్నాడు. నాలుగు నెలలుగా ఆయన ఆశపడింది ఆ మాటకే. ఎలుక మీదికి పోతే పోనీ అనుకున్నాడు.

"వాడి గరాజులోనే కొరికుంటుంది. తెలిసే అమ్మాడు. నేను అప్పుడే అన్నానా లేదా?" అన్నాడు ఫణి.

కొండల్ రావు జేబులోంచి వైరు తీసి కొడుకు అరచేతిలో పెట్టాడు. "ఎలుక గాదు. నేనే. దిష్టికి కట్టిన వైరు ఇది."

ఫణి ఆ వైరును తిప్పి తిప్పి చూశాడు. కోప్పడితే బాగుండేది. గట్టిగా ఊపిరి వదిలి నేల మీద కూర్చుండిపోయాడు.

"మానవ్‌కు చెప్పాలె" అన్నాడు తండ్రి.

"తర్వాత చెప్దాంలే నాన్నా."

"ఇప్పుడే." తన ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, ఆయనే కలిపాడు.

"చెప్పండి అంకుల్" అంది మానవ్ గొంతు, ఎప్పటిలాగే.

"బిడ్డా, కారుల ఏ లోపం లేకుండె. నేను కట్టిన వైరు గాలి పైపును కోసింది. నువ్వు మంచి కారే ఇచ్చినవ్. తప్పు నాది, మనసుల పెట్టుకోకు."

"మీరు సారీ చెప్పకండి అంకుల్. మీ వైరు పైపుని కోసింది, అంతే. నన్ను మోసగాడన్నది మీరు కాదు కదా."

కొండల్ రావు ఫోన్‌ను కొడుకు ముందుకు చాపాడు. ఫణి తుప్పంటిన చేత్తోనే అందుకున్నాడు. "మానవ్" అన్నాడు. స్పీకర్ ఆపి, ఫోన్ చెవికి ఆనించుకున్నాడు.

అవతల మానవ్ ఫోన్ పెట్టేయలేదు.